పదిహేడో నంబరు పాయింటు

నాలుగేళ్ల కిందట, జూన్ నెల మూడో సోమవారం నాడు, రాకీ పర్వతాల్లో ఒక పాత దుంగల లాడ్జి తనిఖీకి నన్ను వేశారు. అప్పటికి నా రిటైర్మెంటు ఇంకా ఆరు నెలలే ఉంది. మాది టొరంటో పక్కన వాన్ అనే ఊళ్లో ఒక కన్సల్టింగ్ ఆఫీసు. నా హోదా ప్రిన్సిపల్ ఇంజినీరు. అంటే నివేదిక ఎవరు తయారు చేసినా చివరి పేజీ మీద పడే స్టాంపు నాది. కెనడాలో ఆ స్టాంపు కంపెనీది కాదు, మనిషిది. దాని మీద ఉండేది నా పేరు, నా లైసెన్సు నంబరు. కట్టడానికి ఏమైనా అయితే జవాబు చెప్పుకోవలసింది ఆ పేరే. అందుకే పాతికేళ్లుగా దాన్ని మా ఆవిడ నగల పక్కన బీరువాలో పెట్టుకున్నాను.

ఈ పనిని కండిషన్ అసెస్‌మెంట్ అంటారు. కట్టడం ఎలా ఉంది, ఇంకెన్నాళ్లు నిలుస్తుంది, అందులో మనుషులు నిశ్చింతగా పడుకోవచ్చా లేదా అన్నది తేల్చి చెప్పడం. ఆ లాడ్జి వయసు తొంభై ఏళ్ల పైమాటే. రోడ్డు లేదు. కొండలు చూడాలనుకునేవాళ్లను ఒక గైడు పదహారు కిలోమీటర్లు నడిపించి అక్కడికి చేరుస్తాడు. నాలుగు రాత్రులు ఉంచి, పగలు చుట్టుపక్కల కొండలు ఎక్కించి, అయిదో రోజు కిందికి దింపుతాడు. ఆ రోజే ఇంకో బృందం పైకి వస్తుంది. లాడ్జి యజమాని ఒక చిన్న ట్రస్టు. వాళ్లు మాకు రాసిన ఉత్తరంలో దాపరికం ఏమీ లేదు. నివేదిక బాగుంటే నడుపుతాం, బాగా లేకపోతే ఈ వేసవితోనే శాశ్వతంగా మూసేస్తాం, పెద్ద మరమ్మతులు చేయించే శక్తి మాకు లేదు అన్నారు.

హెలికాప్టర్ ఇప్పిస్తారా అని అడిగాను. ఆ లోయలో జంతువులు పిల్లల్ని పెట్టే కాలం, కుదరదన్నారు. ఎలుగుబంట్ల భయం వల్ల ఇద్దరే నడిచి వెళ్లడం కూడా కుదరదట. కాబట్టి మా ఇల్లున్న టొరంటో శివారు ఎటోబికోలో పాల ప్యాకెట్టుకు కూడా కార్లో వెళ్లే నేను, అరవై అయిదేళ్ల వయసులో, వీపున సంచీ తగిలించుకొని పదిమంది టూరిస్టుల వెనక కొండెక్కవలసి వచ్చింది.

నాతోపాటు మా కాల్గరీ ఆఫీసు నుంచి ప్రాజెక్ట్ ఇంజినీరు శ్రావ్య వచ్చింది. వరంగల్ మనిషి. టెక్సాస్‌లో ఆరేళ్లు పనిచేసి, అక్కడి గ్రీన్‌కార్డు లైన్ చూసి విసుగెత్తి ఇటు వచ్చేసింది. ఫీల్డులో కొలతలు తీయడం ఆవిడ పని, వాటిని నమ్మాలో వద్దో నిర్ణయించడం నా పని. నా సంచీలో ఉన్న పది మీటర్ల లెవెల్ పైపు చూసి ఆవిడ పగలబడి నవ్వింది. మన దగ్గర తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూసుకోవడానికి నీళ్లు నింపి పట్టుకునే పారదర్శకమైన గొట్టం అది. టొరంటో విమానాశ్రయంలో సెక్యూరిటీ అతను, చేపల తొట్టెకా సార్ అని అడిగాడు. అవునన్నాను. అతనికి వివరించే ఓపిక నాకు లేదు.

"సార్, లేజర్ ఉంది కదా, ఈ పైప్ ఎందుకు మోసుకొస్తున్నరు?" అంది శ్రావ్య.

"బ్యాటరీ అయిపోతే తెలుస్తుందమ్మా ఎందుకో," అన్నాను. నిజానికి అలవాటు, అంతే.

సోమవారం మధ్యాహ్నానికి లాడ్జి చేరాం. దారిలో రెండుచోట్ల మంచులో మోకాలి దాకా దిగబడ్డాను. గైడు పేరు కోల్. నలభై అయిదేళ్లుంటాయి, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. రెండుసార్లూ నన్ను సంచీ పట్టుకొని పైకి లాగాడు, ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

లాడ్జి తలుపు దగ్గర డెబ్బయ్యేళ్ల ఆవిడ ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. పేరు మార్గరెట్. వంట ఆవిడదే. ఆవిడ తండ్రి కూడా అక్కడే కేర్‌టేకర్‌గా చేశాడని కోల్ చెప్పాడు. తనిఖీ ఫారంలో మొదటి పేజీ మీద సిబ్బంది అని ఒక గడి ఉంటుంది. అందులో 'కుక్, ఒకరు' అని రాసి పేజీ తిప్పేశాను.

ఆ సాయంత్రమే బేస్‌లైన్ తీశాం. బేస్‌లైన్ అంటే మొదటి కొలత. ఆ తర్వాత తీసినవన్నీ దానితో పోల్చి చూస్తాం. బయట కదలని పెద్ద బండ ఒకటి చూసుకొని దానికి గుర్తు పెట్టాం. ఆ గుర్తుతో పోలిస్తే లాడ్జి నేల ఎక్కడెక్కడ ఎంత ఎత్తులో ఉందో ఇరవై నాలుగు చోట్ల లేజరుతో చూశాం. ఒక్కో చోటును పాయింటు అంటాం. పదిహేడో నంబరు పాయింటు ఈశాన్య మూల, వంటింటి పక్క సామాన్ల గదిలో పడింది. ఆ గది తలుపు వెనక పాత ఏప్రన్లు దొంతరగా తగిలించి ఉన్నాయి.

తర్వాత నేల కిందికి దూరాను. వంటింట్లో ఒక చెక్క మూత ఎత్తితే కిందికి దారి. లోపల కూర్చోవడానికి కూడా చాలదు, పాక్కుంటూ పోవాలి. గోడల కింది దుంగలు రాతి దిమ్మెల మీద ఆని ఉన్నాయి. ఈశాన్య మూలలో మాత్రం దుంగకూ దిమ్మెకూ మధ్య మూడు ఇనప జాకీలు ఉన్నాయి. మనం లారీ కింద పెట్టే జాకీల్లాంటివే, మర తిప్పితే లేస్తాయి. తుప్పు రంగులో ఉన్నాయి. ఏ కాలంలోనో ఎవరో మరమ్మతు చేసి వదిలేశారనుకొని, 'పాత జాకీలు, వాడుకలో లేవు' అని రాసుకున్నాను. బయటికి వచ్చాక చూస్తే ప్యాంటు మోకాలి మీద నల్లటి మరక. సబ్బుతో రుద్దినా పోలేదు. మా ఆవిడ చూస్తే నా పని అయిపోతుందని శ్రావ్యతో అన్నాను కూడా.

మంగళవారం పొద్దున మళ్లీ చూశాం. ఇరవై నాలుగు పాయింట్లూ నిన్నటిలాగే ఉన్నాయి. తొమ్మిది గంటలకు అందరితోపాటు కొండెక్కాం. లాడ్జి వెనక వాలు జారుతోందా అన్నది చూడడం కూడా మా పనిలో భాగమే. అక్కడ మేకులు కొట్టి గుర్తులు పెట్టాం. సాయంత్రం తిరిగొచ్చి లేజరు పెడితే పదిహేడో నంబరు పాయింటు మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది.

మూడు మిల్లీమీటర్లంటే చదివేవాళ్లకు నవ్వు రావచ్చు. రెండు బియ్యపు గింజల మందం కూడా ఉండదేమో. కానీ కట్టడం ఏడాదికి మూడు మిల్లీమీటర్లు కదిలితే మేం ఫైలు తెరుస్తాం. ఒక్క రోజులో కదిలితే మనుషుల్ని బయటికి పంపిస్తాం. పైగా ఇది పైకి. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో కుంగిన ఇళ్లను వందల్లో చూశాను. చలికాలంలో నేల గడ్డకట్టి ఇంటిని పైకి తోయడం కూడా చూశాను. జూన్‌లో, నేల కరిగే రోజుల్లో, ఇల్లు కుంగాలి గానీ లేవడమేమిటి? నా బుర్ర పనిచేయలేదు.

ముందు లేజరును అనుమానించాను. శ్రావ్య దాన్ని అటూ ఇటూ తిప్పి పరీక్ష చేసింది. తర్వాత శ్రావ్యను అనుమానించాను. ఆవిడ ముఖం మాడ్చుకొని, మీరే తీసుకోండని పరికరం నా చేతికిచ్చింది. నేను తీసినా అంతే వచ్చింది.

"జనం వెయిట్ అయి ఉంటదా సార్? పొద్దున అందరూ లోపల ఉండిరి. ఇప్పుడు పోర్చ్‌ల ఉన్నరు. ఫ్లోర్ లైట్ అయి లేచిందేమో," అంది.

నమ్మలేదు గానీ పరీక్షించక తప్పదు. భోజనాలయ్యాక పదిమంది టూరిస్టులనూ, కోల్‌నూ సామాన్ల గదిలోకీ దాని గుమ్మంలోకీ రమ్మని బతిమాలి, ఒకరినొకరు ఆనుకొని నిలబెట్టాను. పాపం, వాళ్లు సెలవులకొచ్చిన జనం. ఒకాయన, ఇది ఇండియాలో ఏదైనా పూజా అని అడిగాడు. పదకొండుమంది బరువుకు ఆ మూల ఒక్క మిల్లీమీటరు కూడా దిగలేదు. మార్గరెట్ అక్కడే గిన్నెలు తుడుస్తూ చూస్తూ ఉంది. నేను ఆవిడను పక్కకు జరగమన్నాను, అంతే.

బుధవారం పొద్దున పాయింటు అక్కడే ఉంది, ప్లస్ మూడు. రాత్రంతా కదల్లేదు. మేం కొండకెళ్లి సాయంత్రం తిరిగొచ్చేసరికి ప్లస్ ఆరు. పైన కొట్టిన మేకులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంటే కొండ కదలడం లేదు, ఇల్లు కదులుతోంది. అదీ పగలే. అదీ మేం లేనప్పుడే. ఎండకు దుంగలు ఉబ్బుతున్నాయా అంటే ఆ మూల ఎండే పడదు. నేల కింద నీరు పొంగుతోందా అంటే అది కంకర నేల, నీరు నిలవదు. ఒక్కో కారణం రాసుకొని ఒక్కోటీ కొట్టేశాను. చివరికి కాగితం మీద కొట్టివేతలు తప్ప ఏమీ మిగల్లేదు. తల ప్రాణం తోకకొచ్చిందంటారే, అలా అయింది నా పరిస్థితి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వసంతంలోనే ఒకసారి విమానాశ్రయం పార్కింగులో కారు ఏ అంతస్తులో పెట్టానో మరిచిపోయి గంటన్నర తిరిగాను. ఇంట్లో చెప్పలేదు. ఆ బుధవారం సాయంత్రం మంచం మీద కూర్చొని, తప్పు ఇంటిది కాదేమో, నా తలదేమో అనుకున్నాను. నిజంగా భయం వేసింది. శ్రావ్యకు తెలియకుండా సంచీలోంచి లెవెల్ పైపు తీసి, గురువారం తెల్లవారగానే నీళ్లు నింపి, ఒక కొస బండ దగ్గరా ఒక కొస గుమ్మం దగ్గరా పట్టుకొని, అక్కణ్ణుంచి అంచెలుగా సామాన్ల గది దాకా పోవాలని చూశాను. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. నీళ్లు చొక్కా మీదా ప్యాంటు మీదా పోసుకుంటున్నప్పుడు వెనక నుంచి శ్రావ్య వచ్చి రెండో కొస పట్టుకుంది. పైపు కూడా ప్లస్ ఆరే చెప్పింది. నా తల మీద నమ్మకం తిరిగొచ్చింది గానీ, దాంతో ఇల్లు నిజంగానే కదులుతోందని తేలిపోయింది. దేనికి సంతోషించాలో తెలియలేదు.

లాడ్జికి ఫోన్ లేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి కింద ఉన్న ఆఫీసుతో రేడియోలో మాట్లాడతారు. ఆ రేడియో వంటింట్లో ఉంది. మర్నాడు రావలసిన బృందాన్ని ఆపమనీ, కట్టడం కదులుతోందనీ, కారణం తెలియదనీ, ఉన్నవాళ్లను ఆ రాత్రికి గుడారాల్లో పడుకోబెడతామనీ నేను చెప్పాను. కోల్ ముఖం వాడిపోయింది. ఆ మాటకు అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. కారణం తెలియని కదలిక అని నివేదికలో రాస్తే ట్రస్టువాళ్లు మూసేయడం ఖాయం.

మార్గరెట్ పొయ్యి దగ్గర గంటెతో ఓట్స్ జావ కలుపుతోంది. వెనక్కి తిరగకుండానే ఎంత కదిలింది అని అడిగింది. ఆరు మిల్లీమీటర్లన్నాను. ఎటు అని అడిగింది. పైకి అన్నాను. ఆవిడ గంటె ఆగింది. మళ్లీ కలపడం మొదలుపెట్టింది. ఎటు అని అడిగే వంటమనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలోనే నాకు అనుమానం రావలసింది. రాలేదు. వేడి జావ తిని కొండెక్కాను.

గురువారం సాయంత్రం వచ్చి చూస్తే పదిహేడో నంబరు పాయింటు పొద్దున ఉన్నచోటే ఉంది. ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. రెండు రోజులు లెక్కపెట్టినట్టు మూడేసి మిల్లీమీటర్లు లేచిన ఇల్లు, నేను రేడియోలో ఫిర్యాదు చేసిన రోజే బుద్ధిగా కూర్చుంది! శ్రావ్య లేజరు పక్కన కూలబడి, "సార్, ఈ ఇల్లు మన మాటలు వింటున్నది," అంది. నవ్వించడానికే అంది గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

నివేదిక చిత్తుప్రతి రాద్దామని పోర్చ్ మెట్ల మీద కూర్చున్నాను. తెచ్చుకున్నవి రెండే ప్యాంట్లు. రెండోది తడిసిపోవడంతో మళ్లీ సోమవారం నాటిదే వేసుకున్నాను. మోకాలి మీద కాగితం పెట్టుకొని 'కారణం తెలియదు' అని రాస్తుంటే కాగితం వెనక్కి నల్లగా అంటింది. మరక ఇంకా ఆరలేదన్నమాట. వేలితో రుద్ది చూశాను. జిడ్డుగా ఉంది. గ్రీజు.

వాడుకలో లేని జాకీకి గ్రీజు ఎవరు పూస్తారు? చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, జవాబు నాలుగు రోజులుగా నా ప్యాంటు మీదే ఉంటే కొండలన్నీ తిరిగొచ్చాను.

వంటింట్లోకి వెళ్లాను. మార్గరెట్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. మోకాలు చూపించాను. ఆవిడ కత్తి కింద పెట్టి, సామాన్ల గదిలోకి రమ్మంది. తలుపు వెనక తగిలించిన ఏప్రన్లన్నీ ఒక్క చేత్తో తీసి బల్ల మీద పడేసింది.

తలుపు మీద పైనుంచి కింది దాకా పెన్సిలు గీతలు. ప్రతి ఏడాదికీ ఒక వరుస. వరుసకు మూడు భాగాలు, జాకీకి ఒకటి. ఒక్కో గీత ఒక్కో అర తిప్పు. పై వరుసలు ఆవిడ తండ్రి చేతివి, కిందివి ఆవిడవి. ఆవిడ గీసినవే నలభై ఒక్క ఏళ్లవి. ఈ ఏటి వరుసలో ఆఖరి గీత బుధవారంది.

విషయం ఇదీ. ఆ మూల ఎండ పడదు. చలికి బిగిసిన నేల అక్కడ ఆలస్యంగా కరుగుతుంది, కరిగినప్పుడు దిమ్మె కొంచెం కుంగుతుంది. జూన్‌లో రెండు వారాలపాటు రోజుకు అర తిప్పు చొప్పున జాకీలు ఎత్తాలి. అర తిప్పంటే మూడు మిల్లీమీటర్లు. ఒకేసారి ఎత్తితే దుంగలు చిట్లుతాయి, పాత కిటికీ అద్దాలు పగులుతాయి. ఎంత ఎత్తాలో తెలుసుకోవడానికి ఆవిడ వంటింటి బల్ల మీద వెడల్పాటి పళ్లెం పెట్టి నీళ్లు పోసి చూస్తుంది. నీరు రెండు అంచుల దగ్గరా సమానంగా ఉంటే ఆ ఏటికి పని అయిపోయినట్టు. నా లెవెల్ పైపూ ఆవిడ పళ్లెమూ చేసేది ఒకటే పని.

మరి నాకెందుకు చెప్పలేదని కోపంగానే అడిగాను. ఆవిడ సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చింది. అప్పటికి మూడేళ్ల కిందట ట్రస్టు పంపింది. సిబ్బంది ఎవరూ కట్టడాన్ని ముట్టుకోరాదు, అర్హులైన కాంట్రాక్టరు మాత్రమే ముట్టుకోవాలి, అతిక్రమిస్తే ఉద్యోగం పోతుంది. ఆ మూడేళ్లలో ఏ కాంట్రాక్టరూ పదహారు కిలోమీటర్లు నడిచి రాలేదు. కాబట్టి ఆవిడ టూరిస్టులు కొండెక్కాక, ఎవరూ లేనప్పుడు, నేల కిందికి దూరి జాకీలు తిప్పుతోంది. నా రేడియో మాట విన్నాక, ఇక తిప్పితే ఇంటికే ఎసరు వస్తుందని ఆ రోజు ఆపేసింది. సాయంత్రం నాకు చెబుదామా వద్దా అని పొద్దుటి నుంచీ ఆలోచిస్తూనే ఉందట.

డెబ్బయ్యేళ్ల మనిషి, ఆ చలిలో, ఆ ఇరుకులో. నేను ఒక్కసారి దూరితేనే రెండు రోజులు నడుం పట్టేసింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఇప్పుడు చిక్కు నాది. కారణం రాస్తే లాడ్జి బతుకుతుంది, ఆవిడ ఉద్యోగం పోతుంది. రాయకపోతే ఆవిడ తప్పు బయటపడదు, లాడ్జి పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది. శ్రావ్య నన్ను బయటికి పిలిచింది.

"సార్, పేరు లేకుండా రాయొచ్చు కదా. 'లోకల్‌గా అడ్జస్ట్ చేస్తున్నరు' అని పెడదాం. ఆంటీ జాబ్ పోతే మనం ఏం చేస్తం?"

నాకూ ఆ ఆశే ఉంది. కానీ ఎవరు తిప్పుతున్నారో, ఏ లెక్కన తిప్పుతున్నారో రాయకపోతే అది కొలత కాదు, పుకారు. ఆ తలుపు ఫొటోలు జత చేయకుండా నా మాట ఎవరూ నమ్మరు. ఇదే ఆవిడకు చెప్పాను. మార్గరెట్ బంగాళాదుంపలు చెక్కు తీయడం ఆపలేదు. నా గురించి అబద్ధం రాస్తే మీరు ఇంటి గురించి రాసింది ఎవరు నమ్ముతారు, రాసేయండి అంది. తర్వాత, ఈ రోజు అర తిప్పు బాకీ ఉంది, చూస్తారా అని అడిగింది.

ముగ్గురం నేల కిందికి దూరాం. ఆవిడ ఇనప కడ్డీ పెట్టి మూడు జాకీలూ అర తిప్పు చొప్పున తిప్పింది. పైకొచ్చి లేజరు పెడితే పదిహేడో నంబరు పాయింటు ప్లస్ తొమ్మిది. శ్రావ్య చప్పట్లు కొట్టింది. మార్గరెట్ ఏప్రన్ల కుప్ప పక్కకు నెట్టి, పెన్సిలు తీసి గీత గీసింది. ఆ ఏప్రన్లు మళ్లీ తలుపుకు తగిలించలేదు. ఆ రాత్రి ఎవరూ గుడారాల్లో పడుకోలేదు.

శుక్రవారం పొద్దున రేడియోలో నేనే మాట్లాడాను. కదలిక మనిషి చేసిందనీ, కట్టడానికి ప్రమాదం లేదనీ, బృందాన్ని పంపవచ్చనీ చెప్పాను. నిన్న తొందరపడ్డది నేనేనని కూడా చెప్పాను. అప్పటికే కొత్త బృందంలో నలుగురు తమ ప్రయాణం మానుకొని వెళ్లిపోయారట. ఆ తప్పు నాదే, ఇప్పటికీ నాదే.

కిందికి దిగేటప్పుడు కోల్ నా పక్కన నడిచాడు. పదహారు కిలోమీటర్లలో అతను అన్నది ఒక్కటే. జాకీల సంగతి నాకూ తెలుసు, మీరు నన్ను కూడా అడగలేదు.

నివేదికలో నాలుగో పట్టిక నిర్వహణ గురించి. ఏ పని, ఎప్పుడు, ఎంత, ఎవరు. జాకీల ఎదురుగా 'ఎవరు' గడిలో మార్గరెట్ పేరు రాశాను. ఆవిడ చేతికింద ఒక వడ్రంగి రెండు సీజన్లు నేర్చుకోవాలని కూడా రాశాను. ట్రస్టు నుంచి జవాబు వచ్చింది. లాడ్జి తెరిచి ఉంచుతారట, చాలా సంతోషమట. అయితే పేరు తీసేసి 'అర్హులైన కాంట్రాక్టరు' అని మార్చాలట. సదరు ఉద్యోగి విషయం విడిగా పరిశీలిస్తారట.

నేను మార్చనన్నాను. మా డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచి, వెళ్లిపోయే ముందు నీకెందుకీ గొడవ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్న ధోరణిలో ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. స్టాంపు నాది, పేరు తీస్తే వేయను, ఇంకెవరిచేతనైనా వేయించుకోండి అన్నాను. వేరేవాళ్లు స్టాంపు వేయాలంటే వాళ్లు మళ్లీ నడిచి కొండెక్కాలి. ఎవరూ ముందుకు రాలేదు. మూడు వారాలు ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. చివరికి ట్రస్టు లాయరు ఒక ప్రశ్న పంపాడు. పేరు ఉంచుతాం, కానీ పక్కన అర్హత అనే గడి ఖాళీగా ఉంటే ఇన్సూరెన్సువాళ్లు ఒప్పుకోరు, అక్కడ ఏం రాయమంటారు?

'అదే మూల, నలభై ఒక్క సంవత్సరాల కొలతలు, జతపరచిన ఫొటోలు చూడండి' అని రాయించాను. ఒప్పుకున్నారు. ఆ కాగితం మీద స్టాంపు వేశాను. నేను వేసిన ఆఖరి స్టాంపు అదే.

మార్గరెట్ ఆ తర్వాత రెండు సీజన్లు పనిచేసి, వడ్రంగికి పని అప్పగించి దిగిపోయింది. శ్రావ్య నిరుడు మళ్లీ తనిఖీకి వెళ్లొచ్చి ఫోన్ చేసింది. పదిహేడో నంబరు పాయింటు ఎక్కడ ఉండాలో అక్కడే ఉందట. తలుపు మీద గీతలు వేరే చేతివట, లావుగా ఉన్నాయట. లేజరుతోపాటు ఒక లెవెల్ పైపు కూడా పట్టుకెళ్లానని చివర్లో చెప్పింది.

ఈ సంఘటన నాకు నేర్పింది చిన్నదే. కట్టడం దానంతట అది నిలబడి ఉంటుందనుకొని ముప్పై ఎనిమిదేళ్లు కొలతలు తీశాను. దాన్ని రోజూ ముట్టుకునే మనిషి ఒకరు ఉంటారనీ, ముందు ఆ మనిషిని అడగాలనీ నాకు తోచలేదు. రిటైరయ్యే లోపు మా ఆఫీసు ఫారం మొదటి పేజీలో సిబ్బంది సంఖ్య గడి పక్కన ఇంకో గడి పెట్టించాను: ఈ కట్టడాన్ని రోజూ ఎవరు ముట్టుకుంటారు, వారిని ఏమడిగారు. ఆ నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో నేను ఇరవై నాలుగు చోట్ల కొలిచాను, ఎవరినీ ఏమీ అడగలేదు. ఎటు అని అడిగింది ఒక్క మార్గరెట్. ఆవిడను నేను ఫారంలో 'కుక్, ఒకరు' అని రాశాను.